ఉప్పా, సాసా?

"చితోసె మనవైపే ఉందా, అటు తిరిగిందా? సాయంత్రానికి తేల్చి చెప్పాల్సింది నువ్వే," అన్నాడు మునెకాతా.

ఎదురుగా గాజుతలుపు వెనక ఎవరివో దుప్పట్లు సబ్బునీళ్ళలో గిరగిర తిరుగుతున్నాయి. ఒసాకాలో తెన్మా స్టేషన్ పక్కసందులో ఉన్న ఈ బట్టలుతుక్కునే దుకాణమే ఆ నెలకి గూఢచారి డిపార్ట్‌మెంట్ ఆఫీసు. ఆ యంత్రాల రొదలో ఎంత మంచి మైకైనా మాటల్ని పట్టుకోలేదు. బయట తుఫాను గాలి సైకిళ్ళను ఒక్కొక్కటిగా పడగొడుతోంది.

"వేరేవాళ్ళని చూసుకోండి," అన్నాడు కుజే.

"ఎందుకు?"

"ఎందుకో మీకు తెలుసు."

మునెకాతాకే కాదు, డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. నాలుగేళ్ళ కిందట ఒక మిషన్ కోసం కుజే, చితోసె ఫుకుఓకాలో మొగుడూ పెళ్ళాలుగా కాపురం పెట్టారు. రెండేళ్ళ నటన. మిషన్ ముగిసిన రోజు ఆమె సూట్‌కేసు సర్దుకుని, "బాగా చేశాం కదూ" అని నవ్వి రైలెక్కింది. ఆమెకు నటన అక్కడితో అయిపోయింది. ఇతనికి ఇంకా అవలేదు.

మునెకాతా అరవై దాటిన చీఫ్. చూస్తే పిల్లల బడి హెడ్‌మాస్టరులా ఉంటాడు. కోపం వచ్చినా గొంతు పెంచడు. అదే భయం అందరికీ.

"విను. ఇవాళ ఎనిమిదికి సముద్రం పోటు. తుఫాను సరిగ్గా అప్పుడే ఒడ్డు దాటుతుంది. రేవు దగ్గర ఉప్పెన గేట్లు దిగకపోతే సగం ఊరు నీళ్ళలో ఉంటుంది. బ్లూ యాంకర్ ముఠా ఆ గేట్ల కోడ్ కొంటోంది. గేట్లు తమ చేతిలో పెట్టుకుని, ఊరి ప్రాణానికి బేరం పెడతారు. కొనడానికి వచ్చేవాడు లాండర్. అమ్మేవాడు ఉశియోడా, ఆ గేట్ల ప్రోగ్రాం రాసిన ఇంజినీరు."

"ఇంజినీరు సంగతేంటి?"

"పిరికివాడు. వాళ్ళు బెదిరిస్తే హడలిపోయి తనే వచ్చి మన దగ్గర ఏడ్చాడు. మనం చెప్పినట్టే నడుస్తున్నాడు. లాండర్‌ని కలవడం ఇవాళ రెండోసారి. లీకు మాట వినగానే కంపెనీ అతని పాస్ ఆపేసింది. లాండర్ మన చేతికి చిక్కగానే అతన్ని నా కారులో నేనే కంట్రోల్ రూమ్‌కి తీసుకెళ్తాను. కోడ్ మార్చి, గేట్లు దించేస్తాడు."

"చితోసె?"

"ఆర్నెల్లుగా లాండర్ ప్రియురాలిగా వాళ్ళలో ఉంది. మన లెక్కలో అక్కడ మన గూఢచారి, లాండర్ లెక్కలో మన దగ్గర వాడి గూఢచారి. మొదట్లో రిపోర్టుల్లో ఎంతో రాసేది. ఇప్పుడు రెండు ముక్కలు. 'అంతా బావుంది', అంతే. లాండర్ మీద ఒక్క చెడ్డ మాట ఉండటం లేదు."

ఆ ఆఖరి మాటకి కుజే చెవులు వేడెక్కాయి. మునెకాతా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

"ముగ్గురూ తెన్మాలో ఫుకియే అనే ఆవిడ కొట్టులో కూచుంటారు. అక్కడ కోళ్ళు కాల్చే మనిషికి సెలవు ఇప్పించాం. ఆ నిప్పుల పొయ్యి దగ్గర నువ్వుంటావు. తలకి కట్టే తువ్వాలులో మైకు, చెవిలో చిన్న స్పీకరు. విసనకర్ర పిడిలో కెమెరా. వాళ్ళు పుల్లకి గుచ్చి కాల్చే కోడిముక్కలు చెప్తారు. ఉప్పు చల్లాలా, సాసు పుయ్యాలా అన్నది ఏ కొట్టులోనైనా కేకవేసి చెప్పేదే. నువ్వు 'ఉప్పు' అన్నావంటే చితోసె మన మనిషి. లాండర్‌ని పట్టుకుంటాం. 'సాసు' అన్నావంటే ముందు ఆమెని తీసేస్తాం."

"తీసేయడమంటే?"

బట్టలారబెట్టే యంత్రం ఆగింది. మునెకాతా లేచి వేడి దుప్పటి బయటికి లాగి, కొసకి కొస కలిపి మడతపెట్టడం మొదలుపెట్టాడు.

*

రైళ్ళు ముందే ఆపేస్తారని రేడియో చెప్పడంతో, ఆ లోపలే నాలుగు చుక్కలు వేసుకుని ఇంటికి పోదామని తెన్మా మొత్తం ఆ సందుల్లోకి దిగింది. ఫుకియే ఇజకాయాలో, ఆ చిన్న తాగుడు కొట్టులో, మోచెయ్యి ఆడించడానికి చోటు లేదు. తడి గొడుగుల వాసన, నూనె వాసన, కాలిన కొవ్వు వాసన ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. వీధి మీది రేకు కప్పు గాలికి దడదడలాడినప్పుడల్లా జనం తలెత్తి చూసి, ఏమీ కాలేదని గ్లాసులు ఎత్తుకుంటున్నారు.

కుజే పుట్టింది తోసా కొండల్లో బొగ్గులు కాల్చే ఊళ్ళో. నిప్పు చూస్తే ఎక్కడ చల్లబడుతుందో, ఎక్కడ రాజుకుంటుందో అతనికి తెలుసు. తువ్వాలు నుదుటికి బిగించి, పుల్లలు వరసగా పేర్చి, విసురుతూ నిలబడ్డాడు.

"పన్నులాఫీసువాళ్ళకి విసరడం వచ్చని తెలీదమ్మా!" అంది ఫుకియే. కొట్టు యజమానురాలు, పీపాలాంటి మనిషి. కొత్త వంటవాడు పన్నులాఫీసు నుంచి రహస్యంగా వచ్చాడని ఆమెకు చెప్పారు. అప్పట్నుంచీ పొడుస్తూనే ఉంది. "చూడు నాయనా, విసిరేటప్పుడు నా కొట్టు ఆదాయం కూడా ఎగిరిపోకుండా చూడు."

"ఆదాయం కాదక్కా, కోడే ఎగిరేలా ఉంది," అన్నాడు ఇవాకిచి. గోడలకి సున్నం పూసే ముసలాయన. పొయ్యికి ఎదురుగా ఉన్న ఆఖరి స్టూలు ఆయనది. గోళ్ళలో ఇంకా సున్నం ఉంది.

గుమ్మానికి కట్టిన గుడ్డ తెర పక్కకి తొలిగింది.

ముందు గొడుగు వచ్చింది. దాని కింద ముదురాకుపచ్చ గౌనులో చితోసె. జుట్టు పైకి ముడివేసింది. మెడ మీద ఒక్క వానచుక్క. ఆమె మీద చుక్క పడకుండా గొడుగు పట్టిన మనిషి కుడిభుజం మాత్రం తడిసి ముద్దయింది. లాండర్. నెరిసిన కణతలు, పొడుగు మనిషి, ఎక్కడివాడో చెప్పలేని మొహం.

ఫుకుఓకాలో కుజే కూడా అలాగే గొడుగు పట్టేవాడు. "నువ్వు తడిస్తే రేపు తుమ్ముతావు, మందు నేను తేవాలి. సగం నీ మీదకి జరుపుకో" అని కసిరేది చితోసె. ఈ లాండర్‌ని కసరలేదు. తన చేతిరుమాలుతో వాడి భుజం తుడిచింది.

కుజే చేతికింద ఒక పుల్ల చుర్రుమంది.

వాళ్ళ వెనక మూడోవాడు నక్కినట్టు వచ్చాడు. టోపీ రెండు చేతులతో పట్టుకుని, ఎవరి కాలు తొక్కుతానో అన్నట్టు అడుగులు వేస్తున్నాడు. ఉశియోడా. ముగ్గురూ పొయ్యికి బారెడు దూరంలో, ఇవాకిచి పక్కనే ఉన్న బల్ల చుట్టూ కూచున్నారు. గోడవైపు చితోసె, మధ్యలో లాండర్, ఇటు కొసన ఇంజినీరు.

"అమ్మా, ప్రాణం పోతోంది. ముందు పెద్ద సీసా బీరు, మూడు గ్లాసులు. కబుర్లు తర్వాత," అని కేకవేశాడు లాండర్.

ఒసాకా యాస ఉట్టిపడుతోంది ఆ మాటలో. ఫుకియే కరిగి నీరయింది. "ఈ దొరబాబు నాలిక మా వీధిలోనే పుట్టినట్టుందే!"

"ఇరవై ఏళ్ళయిందమ్మా ఇక్కడి నీళ్ళు తాగుతూ. నాలిక ఒక్కటీ మీది, మిగతాదంతా దిగుమతి."

కొట్టంతా నవ్వింది. చితోసె కూడా నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

అడక్కుండా పెట్టే చిన్నగిన్నెలు వచ్చాయి, ఉడికించిన ముల్లంగి. తర్వాత ఉప్పేసిన సోయాకాయలు, పళ్ళెం నిండా వేయించిన కోడిముక్కలు. లాండర్ సీసా అందుకుని ముందు ఆమె గ్లాసు నింపాడు. ఆమె సీసా తీసుకుంది. కాగితం అంటించిన వైపు పైకి తిప్పి, కుడిచేత్తో పట్టుకుని, ఎడమచెయ్యి అడుగున ఆనించి, తల కొంచెం వంచి, నురుగు గ్లాసు అంచున ఆగేలా పోసింది. సముద్రంలోకి దీపం వదిలేవాళ్ళు కూడా అంత జాగ్రత్తగా వంగరు.

రెండేళ్ళు కుజే ఆమెతో ఒకే కప్పు కింద ఉన్నాడు. కొత్తలో నాలుగు రోజులు తప్ప తనకి ఎప్పుడైనా అలా పోసిందా?

"ఏం కనిపిస్తోంది?" చెవి దగ్గర మునెకాతా గొంతు. సందు చివర నిలిపిన కారులో ఉన్నాడు.

"పోస్తోంది," అన్నాడు కుజే పెదాలు కదపకుండా.

"ఏం పోస్తోంది?"

"బీరు. రెండు చేతులతో."

"అది సిగ్నలా?"

"కాదు."

"మరి నాకెందుకు చెప్తున్నావయ్యా?"

కుజే మళ్ళీ బల్లవైపు చూశాడు. లాండర్ గ్లాసులో రెండు గుక్కలు తగ్గాయో లేదో ఆమె మళ్ళీ సీసా ఎత్తింది. వాడు మళ్ళీ ఆమెకు పోశాడు. ఎంత మర్యాద! పక్కన ఇవాకిచి గ్లాసు ఖాళీ అయినట్టుంటే దాన్ని కూడా వదల్లేదు. "పెద్దాయనా, ఎండిపోతోందే" అని నింపేశాడు. ముసలాయన పొంగిపోయి వాడి బాగోగులన్నీ అడగడం మొదలుపెట్టాడు. ఒకరి గ్లాసు ఖాళీగా కనపడితే పక్కవాడికి అవమానం అన్న సంగతి ఈ పరాయివాడి వేళ్ళలోకి ఎక్కిపోయింది. కుజే ఒక్కొక్క వంపునీ గుర్తు పెట్టుకుంటూ పోయాడు. ఎవరికి ఎవరు, ఎప్పుడు, ఎంత. పుండు మీద గీరుకున్నట్టు ఉంది, అయినా ఆపలేకపోయాడు.

"ఏమయ్యా కొత్తాయనా," అని అరిచాడు ఇవాకిచి, "ఒకసారి చచ్చిన కోడిని మళ్ళీ చంపుతున్నావే!"

కిందికి చూస్తే నాలుగు పుల్లలు బొగ్గయ్యాయి. కుజే వాటిని గబగబా తీసి బుట్టలో పడేశాడు.

"పొయ్యిని చూడు నాయనా, ఆ పిల్లని కాదు," అంది ఫుకియే పక్కకి వచ్చి, గొంతు తగ్గించి. "నిమ్మకాయ నమిలినట్టుంది నీ మొహం. తెలిసినావిడా?"

"కాదు."

"కాకపోతే ఆ పొయ్యికంటే నువ్వెక్కువ మండుతావెందుకు?"

బల్ల దగ్గర్నుంచి లాండర్ చెయ్యెత్తాడు. ఫుకియే అటు తిరిగి, "కోడిపుల్లలేనా? ఉప్పా, సాసా?" అని అరిచింది.

లాండర్ నోరు తెరిచేలోగా చితోసె అందుకుంది. "వంటాయనకే వదిలేద్దాం అమ్మా." ఆ సాయంత్రం మొదటిసారి పొయ్యివైపు చూసింది. పొగలోంచి తిన్నగా కుజే కళ్ళలోకి. "ఆయనకి ఏది తోస్తే అదే తింటాం."

ఉప్పు, సాసు డిపార్ట్‌మెంట్‌లో పాత సంకేతాలే, ఆమెకీ తెలుసు. తెలిసే తన ప్రాణాన్ని తెచ్చి కుజే నాలిక మీద పెట్టింది. అది నమ్మకమా? లేక ఈ అమాయకుడు నన్నేం చెయ్యగలడన్న ధీమానా? ఆ మాట అన్న వెంటనే తల తిప్పుకుని లాండర్ గ్లాసు మళ్ళీ నింపింది. రెండు చేతులతో.

"ఇంజినీరు జేబులోకి చెయ్యి పెట్టాడు. ఇచ్చేస్తాడు," అన్నాడు మునెకాతా. "చెప్పు."

ఆమె తుడిచిన భుజం కుజే కళ్ళముందు ఆడింది. ఒక్క మాటతో ఆ గౌను, ఆ నవ్వు, ఆ గ్లాసు అన్నీ లేకుండా పోతాయి. మళ్ళీ ఎవరి పక్కనా కూచోదు. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందో గమనించి తనకే ఒళ్ళు జలదరించింది. అయినా పెదాలు 'సా' దగ్గరికి వచ్చేశాయి.

ఫుకియే మోచేత్తో డొక్కలో పొడిచింది.

"పిచ్చివాడా, వాడికి రెండు చేతులతో పోస్తోందనేగా నీ ఏడుపు? మా ఆయనతో ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను. ఒక్కసారి కూడా పొయ్యలేదు. నా సీసా నాది, ఆయన సీసా ఆయనది. ఇంట్లోవాళ్ళకి ఎవరైనా పోస్తారా? అలా పోసేది బయటివాళ్ళకి."

ఫుకుఓకా ఇంట్లో చిన్న బల్ల గుర్తొచ్చింది. కొత్తలో ఒకరికొకరు పోసుకునేవాళ్ళు. కొన్నాళ్ళయ్యాక ఒకరోజు ఆమె సీసా మధ్యలో పెట్టి, "ఇక ఎవరిది వాళ్ళం పోసుకుందాం, నడుం నెప్పి" అంది. బద్ధకమనుకున్నాడు. రెండేళ్ళూ అలాగే అనుకున్నాడు.

ఊపిరి గట్టిగా పీల్చి అరిచాడు.

"ఉప్పు! మూడు పుల్లలూ ఉప్పు!"

"ఉప్పు మూడు!" అని లోపలి వంటింట్లోంచి అలవాటుగా కేక తిరిగొచ్చింది.

ఉశియోడా జేబులోంచి కళ్ళజోడు డబ్బా తీసి, దాన్ని బల్లమీద జరిపాడు. లాండర్ దాని మీద చెయ్యి వెయ్యగానే పక్కబల్ల దగ్గర టైలు వదులు చేసుకుని పాటలు పాడుతున్న ఇద్దరు సేల్స్‌మన్‌లు, డిపార్ట్‌మెంట్ మనుషులే, పాట ఆపి లేచారు. లాండర్ కోటు జేబులోంచి తీసిన కలం లాంటిది చేతిలో మెరిసింది. అది కలం కాదు, తుపాకీ అని అందరికంటే ముందు తెలిసింది చితోసెకే. ఆర్నెల్లు పట్టుకుని తిరిగిన చేతినే పట్టుకుని బొటనవేలు వెనక్కి విరిచింది. కలం ముల్లంగి గిన్నెలో పడి, టప్పున పేలి గిన్నె పగిలింది.

ఆ బొటనవేలు చప్పుడు కుజేకి ఏ పాటకంటేనూ తియ్యగా వినిపించింది.

"ఇమిగ్రేషన్, ఇమిగ్రేషన్! కూచోండి, తినండి!" అంటూ సేల్స్‌మన్‌లు లాండర్‌ని వెనక తలుపు గుండా నడిపించుకుపోయారు. వాడు పెద్దగా పెనుగులాడలేదు. గడప దగ్గర ఆగి ఫుకియేకి తల కూడా వంచాడు. ఉశియోడా లేచి కనిపించిన ప్రతివాడికీ వంగి వంగి దండాలు పెడుతూ, కళ్ళు తుడుచుకుంటూ ముందు తలుపు దాటాడు. సందు చివర కారు తలుపు మూసుకున్న చప్పుడు కుజే చెవిలో పడింది.

"పన్నులాఫీసంటే ఇదా?" అంది ఫుకియే.

*

మిషన్ అయిపోయింది. కానీ కుళ్ళు అంత తొందరగా చల్లారేది కాదు. కుజే తడిగుడ్డ తీసుకుని ఆ బల్ల తుడవడానికి వెళ్ళాడు. నిజానికి ఆ గ్లాసుల్ని చూడటానికి వెళ్ళాడు. ఆమె పోసింది, వాడు తాగింది. వాడు పోసింది, ఆమె తాగింది. ఆ సాయంత్రం ఒక్కొక్క వంపూ మనసులో మళ్ళీ తిరిగింది. ఇది చితోసె లాండర్‌కి. ఇది లాండర్ చితోసెకి. ఇది ఇవాకిచి ముసలాయనకి. మళ్ళీ చితోసెకి.

చెయ్యి ఆగిపోయింది.

మూడో గ్లాసు.

మూడో గ్లాసుకి ఎవరు పోశారు?

ఉశియోడా తనే పోసుకున్నాడు. సీసా దగ్గరికి లాక్కుని, ఒంటిచేత్తో, మాటల మధ్యలో. పక్క స్టూలు ముసలాయన గ్లాసుని కూడా ఎండనివ్వని లాండర్, మోచెయ్యి తగిలేంత దగ్గర కూచున్నవాడికి ఒక్క చుక్క వంచలేదు. ఊరిని మింగే కోడ్ అమ్మడానికి వచ్చినవాడు, రెండోసారి మాత్రమే కలుస్తున్నవాడు. అలాంటి మనిషికి గ్లాసు మీద గ్లాసు నింపి కాళ్ళు పట్టుకున్నంత పని చెయ్యాలి. ఆ మర్యాద మరిచిపోయినందుకు లాండర్ సిగ్గుపడలేదు. పొయ్యనందుకు ఉశియోడా చిన్నబోలేదు. పైగా పళ్ళెంలో ఒక్క కోడిముక్క మిగిలిపోతే, ఆ ఆఖరి ముక్క ఎవరూ ముట్టకుండా మర్యాదకి వదిలేస్తుంటే, ఆ పిరికి ఇంజినీరు లాండర్ ముందునుంచి చెయ్యి చాపి నోట్లో వేసుకున్నాడు. లాండర్ తల కూడా తిప్పలేదు.

ఒకే బల్ల దగ్గర ఏళ్ళ తరబడి తిన్నవాళ్ళు అలా తింటారు.

"కారు ఆపండి!" అని తువ్వాలు నోటికి లాక్కుని అరిచాడు కుజే. "చీఫ్, ఇంజినీరుని కంట్రోల్ రూమ్‌లోకి రానివ్వొద్దు!"

గాలి రొద, ఇంజన్ రొద. "ఏమంటున్నావు?"

"లాండర్ ఎర. దొంగ మీ పక్కన కూచున్నాడు. పాస్ లేనివాణ్ణి మనమే కారెక్కించి లోపలికి తీసుకెళ్తున్నాం. వాళ్ళకి కావలసింది అదే."

"ఆధారం?"

"అతని గ్లాసు ఎవరూ నింపలేదు."

మునెకాతా ఓపిగ్గా అన్నాడు. "కుజే, నువ్వు అలిసిపోయావు. ఆ అమ్మాయి సంగతి నిన్ను..."

"సాయంత్రం అంతా, చీఫ్. ఒక్కసారి కూడా లాండర్ పొయ్యలేదు. పక్కన కూచున్న ముసలాయనకి కూడా పోశాడు."

చితోసె వచ్చి అతని పక్కన నిలబడింది. తువ్వాలు దగ్గరికి మొహం పెట్టి, "నిజమే," అంది. "మధ్యలో లాండర్ అడ్డంగా ఉన్నాడు, నా చెయ్యి అందలేదు. తను పోస్తాడనుకున్నాను. ఛ! నాకు తోచనే లేదు."

ఈ మనుషుల మధ్య పుట్టి, ఈ గ్లాసుల మధ్య ముసలివాడైనవాడు మునెకాతా.

"ఒక్కసారి కూడానా?" అన్నాడు మునెకాతా మెల్లగా.

"ఒక్కసారి కూడా."

తర్వాత ఆయన గొంతు మారింది. పక్కకి తిరిగి, అలవాటైన మర్యాదతో ఎవరినో అడుగుతున్నాడు. "ఉశియోడాగారూ, చిన్న సందేహం. లాండర్‌తో మీకు ఎంతకాలం పరిచయం?"

"చెప్పానుగా అయ్యగారూ, ఇవాళ రెండోసారి."

"అలాగా. మరి మీ గ్లాసు మీరే నింపుకున్నారటగా? ఎందుకనో?"

ఉశియోడా మాట వినపడలేదు. కారు తలుపు తెరుచుకున్న చప్పుడు, గాలి హోరు, బ్రేకు కీచుమనడం, బరువైనదేదో రోడ్డు మీది వాననీళ్ళలో పడటం ఒకదాని మీదొకటి వచ్చాయి. కుజే తువ్వాలు బిగించి పట్టుకున్నాడు. చితోసె వేళ్ళు అతని మోచేతిని పట్టుకున్నాయి. పట్టుకున్నట్టు ఆమె గమనించలేదు. అతను గమనించాడు.

చాలాసేపటికి మునెకాతా రొప్పుతూ మాట్లాడాడు. "బ్రిడ్జి మీంచి దూకబోయాడు. డ్రైవర్ కాలు పట్టి లాగాడు. బూటు మడమలో చిన్న యంత్రం ఉంది. కంట్రోల్ రూమ్‌లో ఒక్క నిముషం పెడితే చాలు, గేట్లు కదలవు. అతను లాండర్‌కి ఇచ్చిన డబ్బాలో కోడ్ చిప్ ఉత్తదే." ఊపిరి పీల్చుకున్నాడు. "గేట్లు ఇప్పుడే దించమన్నాను. యంత్రాలు వద్దు, చేత్తో తిప్పి దించమన్నాను. ఎంతమంది ఉంటే అంతమంది పట్టుకోమన్నాను. నీళ్ళు గట్టు మొదటి మెట్టు ఎక్కాయట."

కొట్టులో దీపాలు ఒకసారి ఆరి వెలిగాయి. రైళ్ళు ఆగిపోయాయని ఎవరో చెప్పారు. ఇళ్ళకి పోలేనివాళ్ళు మళ్ళీ కూచున్నారు. ఫుకియే వేడి తువ్వాళ్ళు తెచ్చి అందరికీ పంచింది. ఏదో జరుగుతోందని తెలిసినట్టుంది, ఎవర్నీ పొడవలేదు. కుజే పొయ్యి దగ్గరికి వెళ్ళి నిప్పులు ఎగదోశాడు. చెయ్యడానికి అంతకుమించి పని లేదు.

రేకు కప్పు మీద గాలి ఏనుగులా నడిచి వెళ్ళింది.

అప్పుడు రేవువైపు నుంచి సైరన్ వినిపించింది. తెగకుండా, ఒకటే ధార. ఇవాకిచి గ్లాసు దించి చెవి ఒగ్గాడు.

"గేట్లు దిగినయ్," అన్నాడు. "మునక తప్పింది, తాగండి."

*

ఉశియోడా చెల్లెల్ని లాండర్ చేసుకుని పదేళ్ళయిందని ఆ రాత్రే విచారణలో తేలింది. విదేశంలో ఒక రేవు ఊళ్ళో పెళ్ళి. బావ, బావమరిది ఒకే ఇంట్లో తిన్నారు, తాగారు, కలిసి ముఠా కట్టారు.

"పెళ్ళయిందా వాడికి?" అన్నాడు కుజే. ఎంత అణుచుకున్నా ఆ మాటలో సంతోషం దాగలేదు.

"నాకు మొదటి వారమే తెలుసు," అంది చితోసె. పొయ్యి ఎదురుగా స్టూలు మీద కూచుని, జుట్టు ముడి విప్పేసింది. "కానీ ఎవరి చెల్లెలో తెలీలేదు."

"రిపోర్టుల్లో వాడి మీద ఒక్క చెడ్డ మాట ఎందుకు లేదు?"

"నా ఫోన్ వాడు రోజూ చూసేవాడు. వాడి మీద చెడ్డగా రాసి వాడికే చూపించమంటావా?"

కుజే పుల్ల తిప్పాడు. అడగకూడదనుకుంటూనే అడిగాడు. "భుజం తుడిచావు."

"తుడిచాను. కోటు లోపల ఏముందో తడిమి చూడ్డానికి ఇంకో దారి ఉంటే చెప్పు."

"నన్ను ఇక్కడ పెట్టారని ఎప్పుడు తెలిసింది?"

"పెట్టించింది నేనే." ఆమె సోయాకాయ ఒలిచి నోట్లో వేసుకుంది. "స్టేషన్‌లో పబ్లిక్ ఫోన్ నుంచి చీఫ్‌తో ఒకే ఒక్కసారి మాట్లాడగలిగాను. నన్ను అనుమానిస్తున్నారని తెలుసు. చూడ్డానికి ఎవర్నయినా పంపేట్టయితే కుజేని పంపండి అన్నాను."

"ఎందుకు?"

"ఇంకెవరైనా అయితే మధ్యలో కోడి తింటారు, టీవీ చూస్తారు. నువ్వు నా బల్ల మీంచి రెప్ప తిప్పవు. ఆ బల్ల దగ్గర ఏదో తేడా ఉందని నాకు అనిపిస్తూనే ఉంది, ఏమిటో అందలేదు. నీ అంత కుళ్ళుబోతు డిపార్ట్‌మెంట్‌లో ఇంకొకడు లేడు."

"నేను సాసు అనేవాణ్ణేమో."

"అనబోయావు. నీ పెదాలు చూశాను."

కుజే తల దించుకున్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. స్టూలు మీంచి లేచి, గౌను దులుపుకుని, "ఆకలేస్తోంది. ఈసారి మాడకుండా కాల్చు," అని చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. వెళ్తూ ఫుకియేతో ఏదో అంది. ఇద్దరూ నవ్వారు. ఈసారి చితోసె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

చెవిలో చిన్న చప్పుడు అయింది.

"కుజే," అన్నాడు మునెకాతా. "వచ్చే వారం హకోదాతెలో పని ఉంది. వేడినీళ్ళ గుండాలున్న పాత సత్రం. బ్లూ యాంకర్‌వాళ్ళ ఇంకో ముక్క అక్కడ దిగుతోంది. చితోసె వెళ్తుంది. కొత్తగా పెళ్ళయిన జంటగా."

కుజే పుల్ల తిప్పడం మరిచాడు. "నేనూ..."

"మొగుడు వేషం మిబు వేస్తాడు. కుర్రాడు, అందగాడు, పాటలు కూడా పాడతాడు. నీకు ఆ సత్రం వంటింట్లో ఉద్యోగం."

కుజే నిప్పులు ఎగదోశాడు. పుల్లలు తిప్పాడు. ఉప్పు చల్లాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఒక గదా, రెండు గదులా?"

"ఒకటే." మునెకాతా నవ్వడం డిపార్ట్‌మెంట్‌లో ఎవరూ వినలేదు, ఆ రోజు కుజే విన్నాడు. "రెండయితే నిన్నెందుకు పంపుతానయ్యా?"